నాన్నకి కోట, అమ్మకి తోట: పొవిస్‌లో మా శనివారం

ఆగస్టు చివరి సోమవారం ఇంగ్లండులో, వేల్స్‌లో సెలవు. శనివారం, ఆదివారం కలిస్తే మూడు రోజులు. బర్మింగ్‌హామ్‌లో మా ఇంటికి అమ్మానాన్నలు వచ్చి నెల దాటింది. లండన్ అయిపోయింది, గుళ్ళయిపోయాయి, షాపింగ్ మాల్స్ చూసీ చూసీ నాన్నకి విసుగొచ్చేసింది. ఇక్కడి పాత జమీందారీ బంగళాలూ వాటి తోటలూ చూపిద్దామనుకున్నాం. ఎవర్నడిగినా చాట్స్‌వర్త్ అన్నారు, లేకపోతే బ్లెనిమ్ అన్నారు. నాన్న మాత్రం ఒకటే మాట మీద కూర్చున్నారు. "క్లైవుగాడు మన దగ్గర్నుంచి తెచ్చుకున్న సామాను ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్ళండి."

ప్లాసీ యుద్ధం గెలిచిన ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవు అన్నమాట. ఆ సామానున్నది వేల్స్‌లో, వెల్ష్‌పూల్ ఊరి పక్కనున్న పొవిస్ కోటలో. నాన్న బందరులో హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు కాబట్టి ఆయన దగ్గర వాదించి గెలిచేది లేదు. అమ్మ మాత్రం "పూలుంటాయా?" అని ఒక్క ప్రశ్న వేసింది. ఉంటాయన్నాం. సరేనంది.

ఆగస్టు 22, శుక్రవారం: ష్రూస్‌బరీ

ఆఫీసులు, ట్రాఫిక్ అయ్యి ష్రూస్‌బరీ చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. సెవెర్న్ నది ఈ ఊరిని దాదాపు చుట్టేసి పోతుంది. నల్లటి కర్ర దూలాలు, తెల్లటి గోడలతో వంకరగా నిలబడ్డ పాత ఇళ్ళు చాలా ఉన్నాయి. అమ్మ ఒకదాని కింద నిలబడి "ఇది పడిపోదా?" అని అడుగుతూనే ఫోటో తీయించుకుంది.

ఊరి మధ్య చౌక్‌లో క్లైవు విగ్రహం ఉంది. 1860లో పెట్టారు. ఈయన పుట్టింది ఈ జిల్లాలోనే, మార్కెట్ డ్రేటన్ దగ్గర, 1725లో. తర్వాత ష్రూస్‌బరీకి ఎంపీ అయ్యాడు, మేయర్ కూడా అయ్యాడు. 2020లో ఈ విగ్రహం తీసేయాలని సంతకాల ఉద్యమం నడిచింది గానీ కౌన్సిల్ వాళ్ళు ఉంచేయాలనే తీర్మానించారు. విగ్రహం కింద మెట్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని చిప్స్ తింటున్నారు. నాన్న వాళ్ళని "ఈయనెవరో తెలుసా?" అని అడిగారు. ఒకడు తలెత్తి చూసి, సారీ, తెలీదన్నాడు, పాపం చాలా మర్యాదగా. ఆ పక్కనే నిలబడ్డ మా అమ్మాయికీ తెలీదు. దానికి తెలిసిందల్లా ఈ ఊళ్ళో డార్విన్ పుట్టాడని. 1809లో పుట్టిన డార్విన్ గురించి బళ్ళో ప్రాజెక్టు చేసింది. గ్రంథాలయం ముందు ఆయన విగ్రహమూ ఉంది, దాని దగ్గర ఫోటోలకి మూడు కుటుంబాలు ఆగి ఉన్నాయి. నాన్నకి అది నచ్చింది.

రాత్రి భోజనానికి ఒక ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. మెనూలో "చికెన్ మద్రాస్" చూసి నాన్న, "క్లైవు గుమాస్తాగా చేరిన ఊరు, అదే చెప్పండి" అన్నారు. పదకొండు పౌండ్లు. వచ్చినదాంట్లో టమాటా ఉంది, మిరప్పొడి ఉంది, మద్రాసు మాత్రం లేదు. వడ్డించే అబ్బాయిది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ అట. నాన్న ముఖం చూసి నవ్వుకుంటూ లోపలికెళ్ళి, చిన్న గిన్నెలో వాళ్ళ కోసం వండుకున్న పప్పు తెచ్చి పెట్టాడు. దానికి బిల్లు వేయలేదు. ఆ ప్రయాణంలో బయట తిన్నవాటిలో నాన్న మెచ్చుకున్నది ఆ పప్పు ఒక్కటే.

ఆగస్టు 23, శనివారం పొద్దున: దారిలో బొబ్బిలి

ష్రూస్‌బరీ నుంచి వెల్ష్‌పూల్ ఇరవై మైళ్ళు ఉంటుంది. వేల్స్‌లోకి అడుగుపెట్టగానే బోర్డులన్నీ రెండు భాషల్లోకి మారిపోతాయి, రెండు పక్కలా గొర్రెలు ఎక్కువవుతాయి. కార్లో మా చిన్నాడు, ఆరేళ్ళవాడు, "తాతయ్యా, క్లైవు మంచోడా చెడ్డోడా?" అని అడిగాడు. అంతే, నాన్నకి క్లాసు మొదలెట్టడానికి ఆ మాత్రం చాలు.

నాన్న చెప్పింది నాకూ కొత్తే. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో, ప్లాసీ అదే ఏడు జూన్‌లో. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు పోయాక విజయనగరం గద్దెక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. విశాఖపట్నంలో వాళ్ళని వెళ్ళగొట్టి, ఇంగ్లీషువాళ్ళకి రమ్మని కబురు పెట్టాడు. మద్రాసు వాళ్ళు ఊ అనలేదు. కలకత్తాలో ఉన్న క్లైవు ఊ అన్నాడు. ఫోర్డు అనే కల్నల్‌ని ఓడల మీద విశాఖపట్నానికి పంపాడు. 1758 డిసెంబర్‌లో ఇప్పటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. తర్వాత ఫోర్డు చేతిలో డబ్బు అయిపోయి, సైనికులు రావలసిన డబ్బు కోసం తిరగబడే పరిస్థితి వచ్చినా, 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి వేళ బందరు కోట మీద పడి పట్టేసుకున్నాడు. "మన ఇంటికి నాలుగు మైళ్ళు లేదు ఆ కోట," అన్నారు నాన్న. "నువ్వు పోయినసారి వచ్చినప్పుడు బీచ్‌కి వెళ్తూ చూశావే, అదే."

"అయితే చెడ్డోడే," అన్నాడు చిన్నాడు. "ఆనందరాజు పిలిస్తేనే కదా వచ్చాడు," అంది మా అమ్మాయి ముందు సీటు వెనక నుంచి. నాన్నకి ఆ అడ్డుప్రశ్న ఎంత ఆనందమిచ్చిందంటే వెల్ష్‌పూల్ దాకా ఆ పిల్లతోనే మాట్లాడారు.

ఈ గొడవలో మావారు ఫోన్ చెప్పినట్టు తిప్పుకుంటూ వెల్ష్‌పూల్ ఊళ్ళోకి వెళ్ళిపోయారు. ఊరి వీధిలోంచి కోట పార్కులోకి ఒక గేటుంది, కానీ అది నడిచి వెళ్ళేవాళ్ళకి. కార్లు ఊరి బయట పెద్ద రోడ్డు మీద నుంచి రావాలి. గేటు ముందు ఆగిపోయిన మమ్మల్ని చూసి, కుక్కని నడిపిస్తున్న పెద్దావిడ ఒకరు దగ్గరికొచ్చి, చేత్తో దారి చూపిస్తే మర్చిపోతామనుకున్నారో ఏమో, పాత కవరు వెనక మ్యాప్ గీసిచ్చారు. రౌండబౌట్ దగ్గర పెట్రోల్ బంకు బొమ్మ కూడా వేశారు. కారు వెనక్కి తీసేదాకా అక్కడే నిలబడి, మేము సరైన వైపు తిరిగామని చూసుకుని మరీ కదిలారు. ఇలాంటి మర్యాద మా బర్మింగ్‌హామ్‌లో దొరకదని చెప్పాలి.

లోపలికెళ్ళే దారి జింకల పార్కు పక్కనుంచి పోతుంది. పిల్లలు జింకలు జింకలు అని అరిచారు గానీ నాకు కనిపించినవి గొర్రెలే.

కోట

ఈ కోట, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. 1952లో ఈ ఇంటి యజమాని, నాలుగో ఎర్ల్ (ఎర్ల్ అంటే ఇక్కడి ప్రభువుల బిరుదు) పోతూ వాళ్ళకి రాసిచ్చాడు. మాకు ఏడాది సభ్యత్వం ఉంది కాబట్టి అమ్మానాన్నలకి మాత్రం టిక్కెట్లు కొన్నాం, ముప్ఫై పౌండ్లు దాటింది. నాన్న దాన్ని రూపాయల్లోకి మార్చి, "మన సామాను చూడ్డానికి మనమే మూడున్నర వేలు కట్టాలి," అన్నారు. ఈ మాట ఆ రోజంతా వీలు దొరికినప్పుడల్లా అన్నారు. కౌంటర్లో అమ్మాయికి కూడా చెప్పబోతే మావారు ఆపారు.

కోట ఎర్రరాతిది, కొండ మీద. 13వ శతాబ్దంలో వెల్ష్ రాజు ఒకాయన కట్టించాడు. 1587లో హెర్బర్ట్ కుటుంబం కొనుక్కుంది. క్లైవు ఈ ఇంట్లో ఏనాడూ కాపురం చెయ్యలేదు. ఆయన 1774లో పోయాడు. పదేళ్ళకి, 1784లో, ఆయన పెద్దకొడుకు ఎడ్వర్డ్‌కీ ఈ ఇంటి ఆడపిల్ల హెన్రియెట్టాకీ పెళ్ళయింది. అప్పటికి హెర్బర్ట్‌లకి పేరుంది, బిరుదులున్నాయి, బోలెడన్ని అప్పులున్నాయి. క్లైవులకి డబ్బుంది. ఇంతకంటే చెప్పక్కర్లేదు, మన వైపు ఇలాంటి సంబంధాలు ఎన్ని చూడలేదు! హెన్రియెట్టా అన్నదమ్ముడు పిల్లల్లేకుండా పోతూ ఆస్తి మేనల్లుడికి రాశాడు, కానీ హెర్బర్ట్ అని ఇంటిపేరు పెట్టుకోవాలన్నాడు. 1807లో ఆ కుర్రాడు క్లైవు అనే ఇంటిపేరు వదిలేసి హెర్బర్ట్ అయిపోయాడు. అంటే డబ్బు ఉంచుకున్నారు, పేరు తీసేశారు.

గది గదికీ ఒక వాలంటీరు ఉంటారు, చాలామంది రిటైరైనవాళ్ళు. అడిగితేనే చెప్తారు, అడగకపోతే నవ్వి ఊరుకుంటారు. నాన్న అడక్కుండా ఎక్కడ ఊరుకున్నారు గనుక! గాజు తలుపులూ తాళ్ళూ దాటి ముట్టుకోవద్దని చిన్నాడికి పదిసార్లు చెప్పాల్సొచ్చింది. స్టేట్ బెడ్‌రూమ్‌లో మంచం చుట్టూ గుళ్ళో గర్భగుడి ముందుండే కటకటాల్లాంటి పిట్టగోడ కట్టారు. రాజుగారు పడుకుంటే జనం ఇవతల నిలబడాలన్నమాట. బ్రిటన్‌లో ఇంకెక్కడా ఇలాంటిది మిగల్లేదని అక్కడున్న ఆవిడ గర్వంగా చెప్పారు. అమ్మ, "రాజు పడుకుంటే చూడ్డానికి జనమేంటి," అని తెలుగులో గొణిగింది. పొడుగాటి గ్యాలరీలో పాముని తొక్కిపట్టి కూర్చున్న పిల్లి బొమ్మ ఒకటుంది. పాతకాలపు రోమన్ పాలరాయి శిల్పం. క్లైవు ఇటలీ నుంచి తెచ్చాడట. కోట మొత్తంలో చిన్నాడికి గుర్తున్నది అదొక్కటే.

మెట్లు ఇరుకు, గదులు చీకటి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే నిదానంగా వెళ్ళండి, ప్రతి గదిలోనూ కూర్చోడానికి కుర్చీ ఉండదు. కూర్చోకూడని కుర్చీల మీద ఎండిన ముళ్ళకాయ ఒకటి పెట్టి ఉంచుతారు. ఎవర్నీ కసరక్కర్లేదు, బోర్డు పెట్టక్కర్లేదు. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది.

క్లైవు మ్యూజియం

అసలు మేమొచ్చింది దీనికోసం. కత్తులు, డాళ్ళు, హుక్కాలు, దంతపు పనితనం, విగ్రహాలు గాజు బీరువాల్లో వరసగా ఉన్నాయి. ప్లాసీలో సిరాజుద్దౌలా వదిలేసి పోయాడని చెప్పుకునే పల్లకి ఉంది. టిప్పు సింహాసనం మీది చిన్న పులితల ఉంది, బంగారంతో చేసి కెంపులూ వజ్రాలూ పచ్చలూ పొదిగినది. అరచేతిలో ఇమిడిపోతుంది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయాక ఆ సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. అప్పుడు ఎడ్వర్డ్ క్లైవు మద్రాసు గవర్నరు. ఈ పులితలని గవర్నర్ జనరల్ వెల్స్లీ హెన్రియెట్టాకి బహుమతిగా ఇచ్చాడు.

నాన్న ఒక్కో కార్డూ చదువుతూ "బహుమతి" అని ఎక్కడెక్కడ రాసి ఉందో, ఎక్కడ లేదో లెక్కపెట్టడం మొదలెట్టారు. ఆయన గొంతు పెరగడం చూసి నాకు కొంచెం టెన్షన్ వచ్చింది. అక్కడున్న వాలంటీరు, డెబ్బై దాటిన సన్నటి ఆయన, తనే దగ్గరికొచ్చి మీరెక్కడివారని అడిగారు. బందరు అంటే తెలీదు. "మసూలిపట్నం" అన్నారు నాన్న. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఫోర్డు పేరు ఆయనకి తెలుసు! ఇద్దరూ ఆ గాజు బీరువాల మధ్య నిలబడి, ఫోర్డు ఏ వైపు బురదలోంచి వచ్చి కోట ఎక్కాడో చేతులతో చూపించుకుంటూ పావుగంట మాట్లాడుకున్నారు. చివర్లో నాన్న సూటిగా, "ఇవన్నీ తిరిగి ఇచ్చేయాలని మీకు అనిపించదా?" అని అడిగారు. ఆయన వెంటనే ఏమీ అనలేదు. వచ్చేవాళ్ళలో చాలామంది అడుగుతున్నారని, పదేళ్ళ కిందట ఎవరూ అడిగేవాళ్ళు కాదని, తన వరకూ తనకి ఇక్కడ ఇవి చూస్తుంటే ఇబ్బందిగానే ఉంటుందని, కానీ ఇవ్వడం తన చేతిలో లేదని నెమ్మదిగా చెప్పారు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. నాన్న గొంతు అప్పుడు తగ్గింది.

ఇక అమ్మ. ఈ చరిత్ర ఏదీ పట్టని అమ్మ టిప్పు గుడారం బట్ట ముందు కదలకుండా నిలబడిపోయింది. రంగు పోకుండా వెలుతురు బాగా తగ్గించి పెట్టారు. తెల్లటి నూలు మీద కూజాలు, వాటిల్లోంచి లేచిన ఎర్ర పూల మొక్కలు, పచ్చటి ఆకులు. అమ్మ పుట్టిల్లు పెడన. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో అద్దకం పని చేసేవాళ్ళుండేవారు. కరక్కాయ రసంలో ముంచిన గుడ్డలు ఆరేసిన వాసన ఇప్పటికీ తనకి తెలుస్తుందంటుంది. "ఇది మన చీటీ గుడ్డే," అంది. చీటీ అంటే పూల అద్దకం వేసిన నూలు గుడ్డ. ఇది బుర్హాన్‌పూర్‌లో తయారై ఉంటుందని పండితుల అంచనా అని నేను ఫోన్‌లో చదివి చెప్పాను. "ఎక్కడ చేస్తేనేం, అంచు చూడు, పువ్వు పక్కన ఆ సన్నగీత చూడు. అది చెయ్యి తిరిగినవాడి గీత. అచ్చు కాదు," అంది. ఆ గుడారాన్ని ఈ ఇంటివాళ్ళు తోటలో విందులకి షామియానాగా వాడుకున్నారట. ఈ మాటకి మాత్రం అమ్మకి కోపమొచ్చింది. పులితలలూ కత్తులూ కాదు, ఇంత పని ఉన్న గుడ్డని వానలో ఎలా వేశారర్రా అని.

నాన్న పక్కనుంచి ఇంకొకటి అందుకున్నారు. మన తీరం నుంచి వచ్చిన అద్దకపు గుడ్డలకి ఇక్కడ ఎంత గిరాకీ ఉండేదంటే, సొంత నేతగాళ్ళు గోల పెడితే 1721లో అలాంటి నూలు గుడ్డలు కట్టుకోకూడదని ఇంగ్లండులో చట్టమే చేశారు. మా అమ్మాయి, "బట్టలు కట్టుకుంటే నేరమా?" అని నోరు తెరిచింది.

ఆ పిల్లకి నచ్చింది ఇంకో కథ. హెన్రియెట్టా 1800లో ఇద్దరు కూతుళ్ళని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి బయల్దేరి, ఏనుగులూ ఎద్దులూ వందలమంది పరివారంతో బెంగుళూరు, మైసూరు, తంజావూరు వైపంతా నెలల తరబడి తిరిగొచ్చింది. మొగుడు మద్రాసులోనే ఉన్నాడు. చిన్న కూతురు షార్లెట్‌కి అప్పుడు పన్నెండేళ్ళు. రోజూ డైరీ రాసేది. పెద్దయ్యాక ఈ అమ్మాయే విక్టోరియాకి, ఇంకా రాణి కాకముందు, గవర్నెస్ అయింది. "నాకంటే ఒక్క ఏడాది పెద్ద," అని మా అమ్మాయి రెండుసార్లు అంది. తనకీ ఏనుగు కావాలంది.

మధ్యాహ్నం, కారు డిక్కీ దగ్గర

పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, చేగోడీలు, అమ్మ బందరు నుంచి మోసుకొచ్చిన తొక్కుడు లడ్డు. డిక్కీ తెరిచి, దుప్పటి పరిచి తిన్నాం. సిగ్గుపడక్కర్లేదు, పక్క కార్ల ఇంగ్లీషు కుటుంబాలు కూడా అదే పని చేస్తున్నాయి. వాళ్ళు మడత కుర్చీలు, ఫ్లాస్కులు, డబ్బాల్లో సాండ్‌విచ్‌లు పెట్టుకుని మనకంటే పకడ్బందీగా వస్తారు. పక్క కారు తాతగారు ఇంగువ వాసనకి రెండుసార్లు ఇటు చూశారు. అమ్మ పేపర్ ప్లేట్లో ఒక లడ్డు, కొంచెం పులిహోర పెట్టి మా అమ్మాయి చేత పంపింది. లడ్డు తిన్నారు, పులిహోర ఒక ముద్ద తిని నీళ్ళు తాగారు. బదులుగా వాళ్ళావిడ ఇంట్లో చేసిన బారా బ్రిత్ రెండు ముక్కలు పంపారు. ఎండుద్రాక్షని టీలో నానబెట్టి చేసే రొట్టె. వెన్న రాసుకుని తినాలి. తియ్యగా, కొంచెం బరువుగా ఉంది. నాన్న షుగర్ సంగతి మర్చిపోయి మొత్తం తినేశారు.

తోట

ఫోటోల్లో ఎంత చూసినా ఈ తోట అంతుపట్టదు. కోట కింద కొండరాయిని తొలిచి, 17వ శతాబ్దం చివర్లో, ఒకదాని కింద ఒకటిగా పొడవాటి అరుగులు చెక్కారు. టెర్రస్‌లంటారు. ఒక్కోదాని గోడకి ఎండ కాచి రాయి వేడెక్కుతుంది కాబట్టి ఈ చలిదేశంలో మామూలుగా బతకని మొక్కలు కూడా అక్కడ బతుకుతాయి. సీసంతో పోసిన గొల్లపిల్లలూ గొల్లవాళ్ళూ పిట్టగోడ మీద నిలబడి నాట్యం చేస్తుంటారు. అవతల సెవెర్న్ లోయ, దాని వెనక కొండలు. అక్కడ నిలబడితే ఎవరికైనా మాట్లాడాలనిపించదు, మా చిన్నాడికి తప్ప.

పైన యూ చెట్ల హెడ్జ్‌లున్నాయి. నాటి 300 ఏళ్ళు దాటింది. ఒకప్పుడు చిన్నచిన్న గోపురాల్లా కత్తిరించేవాళ్ళట, వదిలేస్తే పెరిగి పెరిగి ఒకదాన్నొకటి మింగేసి, ఇప్పుడు నలభై అడుగులకి పైన గోడ మీద నుంచి కిందికి ఉబ్బి వేలాడుతున్నాయి. "రాత్రి గిన్నె దాటి పొంగిన ఇడ్లీ పిండి," అంది అమ్మ. వీటిని ఏడాదికోసారి యంత్రం బుట్టలో నిలబడి కత్తిరించడానికి వారాలకి వారాలు పడుతుందట. హెడ్జ్ లోపలికి దూరడానికి సందులున్నాయి. లోపల ఎర్రటి మొద్దులు, చీకటి, ఎండిన ఆకుల వాసన. పిల్లలు అక్కడ అరగంట మాయమయ్యారు. ఒక తోటమాలి అమ్మాయి వచ్చి కసరలేదు సరికదా, ఇంకో సందు ఎక్కడుందో చూపించింది.

ఇలాంటి తోటలు ఒకప్పుడు బ్రిటన్ నిండా ఉండేవి. 18వ శతాబ్దంలో ఫ్యాషన్ మారి, గీతగీసినట్టున్న తోటలు నామోషీ అయిపోయాయి. ఉన్నవాళ్ళందరూ పడగొట్టి చెరువులూ పచ్చిక మైదానాలూ చేయించుకున్నారు. వీళ్ళ దగ్గర డబ్బు లేక పడగొట్టలేదు. లేమి కాపాడింది. తర్వాత కోట కూలిపోకుండా నిలబెట్టింది మాత్రం ఎడ్వర్డ్ క్లైవు తెచ్చిన డబ్బే. ప్లాసీ తర్వాత వాళ్ళ నాన్న పుచ్చుకున్నది 2,34,000 పౌండ్లు, పైగా ఏడాదికి 27,000 పౌండ్లొచ్చే జాగీరు. నాన్న ఆరెంజరీ (చలికి నారింజ మొక్కలు దాచే గది) ముందు బెంచీ మీద కూర్చుని ఇదంతా చెప్తుంటే అమ్మ వినట్లేదు. డాలియాల దగ్గరుంది. ముద్దబంతి సైజు నుంచి పళ్ళెమంత వరకూ, మరూన్ నుంచి పసుపు దాకా.

కింద లేడీ వయొలెట్ తోట ఉంది. నాలుగో ఎర్ల్ భార్య. 1911 నుంచి మొత్తం తోటని మళ్ళీ తీర్చిదిద్దింది ఆవిడే. కూరల తోట ఉన్నచోట గులాబీలు, పిరమిడ్‌లా కత్తిరించిన ఆపిల్ చెట్లు పెట్టించింది. కొన్ని చెట్లు అప్పటివే. అమ్మకి అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ఒక వాలంటీరుని నా ద్వారా అడిగింది, కాండం ఇంత లావు వచ్చినా కాయ కింద నుంచే ఎలా కాస్తుందని. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి కొమ్మలు కత్తిరిస్తామని ఆయన చెప్తే, మా జామచెట్టుకి అదే చెయ్యాలని నాన్నకి అక్కడికక్కడే ఆర్డర్ వేసింది.

కోట పెరట్లో నెమళ్ళు తిరుగుతున్నాయి. ఆగస్టు కదా, మగవాటికి పింఛం రాలిపోయి ఉంది. నాన్న ఒకదాన్ని చూసి, "నిన్నూ ఎత్తుకొచ్చారా," అన్నారు.

ఆఖర్న కేఫ్. రెండు స్కోన్లు, రెండు వెల్ష్ కేకులు, మూడు టీలు, పిల్లలకి ఐస్‌క్రీములు, ముప్ఫై పౌండ్లకి దగ్గరగా అయింది. వెల్ష్ కేకు పెనం మీద కాలుస్తారట, ఓవెన్‌లో కాదు. అమ్మ దాన్ని విరిచి చూసి, ఇంట్లో చేసేయొచ్చంది. స్కోను మాత్రం ఎందుకు తింటారో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. సావెనీర్ షాపులో చీటీ పూల డిజైన్‌తో టీ టవల్ ఉంది. అమ్మ తిప్పి చూసి, రంగు నిలవదని పెట్టేసింది.

ఆగస్టు 24, ఆదివారం: చిన్న రైలు

ఈ రోజు పిల్లల ఓటు. వెల్ష్‌పూల్ నుంచి లాన్‌వైర్ అనే ఊరికి బొగ్గు ఇంజన్ చిన్న రైలు పోతుంది. 1903లో గొర్రెలూ సరుకులూ మోయడానికి వేసిన నారోగేజ్. ఎనిమిదిన్నర మైళ్ళు, ఎక్కడా తొందరలేదు. పెట్టె చివర బయటికి నిలబడే వసారా ఉంది. నాన్న అక్కడ నిలబడి ముఖాన మసి పడ్డా లోపలికి రాలేదు. గుడివాడ నుంచి బందరుకి బొగ్గు బండిలో తిరిగిన రోజుల గురించి ఇంజన్ డ్రైవరుకి ఇంగ్లీషులో చెప్తుంటే, అతను నిజంగానే వింటూ, బొగ్గు ఏ గనిదని తిరిగి అడిగాడు. సింగరేణి, అన్నారు నాన్న. పేరు చీటీ మీద రాయించుకున్నాడు.

తిరుగు దారిలో మార్కెట్ డ్రేటన్ వైపు వెళ్దామని నాన్న అన్నారు. అక్కడికి దగ్గర్లోని మోర్టన్ సే చర్చిలో క్లైవుని పాతిపెట్టారు, సమాధి ఎక్కడో గుర్తు కూడా లేదు. పిల్లలు నిద్రపోయారు, మావారు రేపు సెలవైనా ఇంటికెళ్ళి పడుకోవాలన్నారు. మొహమాటం లేకుండా ఓటు వేసుకున్నాం. నాన్నకి ఒకటే వచ్చింది. అమ్మ, "ఈసారి అక్కడికెళ్దాం, కానీ ముందు చాట్స్‌వర్త్. అక్కడా డాలియాలుంటాయా?" అని వెనక సీట్లోంచి అడిగి, మిగిలిన చేగోడీల డబ్బా మూత తీసింది.